జిన్నింగు మిల్లులో ఇంగ్లీషు నోటీసు

మొన్న మా మనుమరాలు అన్నం ముందు కూర్చుని ఫోను చూస్తూ, రేపటి నుంచి తన డ్యూటీ వేళలు మారాయట, మెసేజి చూసుకోకపోతే తప్పు మనదేనట అంటే, నాకు ఆదిలాబాదులో పత్తి జిన్నింగు మిల్లులో టైపిస్టుగా చేరిన తొలి ఏడాది గుర్తుకొచ్చింది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, ఉర్దూలో చదువుకుని పైగా ఇంగ్లీషు టైపు నేర్చినవాడికి ఎంత గిరాకీ ఉండేదో మన తరం వాళ్లకు తెలుసు. మద్రాసు వైపు నుంచి వచ్చిన మా మేనేజరుకు తెలుగు రాదు, హిందీ అంతంతమాత్రం. అందుకని ఏం చెప్పదలచినా నాచేత ఇంగ్లీషులో టైపు చేయించి బోర్డుకు అంటింపజేసేవాడు. ఆదివారం సెలవు తర్వాత అనుమతి లేకుండా సోమవారం కూడా మానేస్తే పనిలోంచి తీసేస్తామన్న నోటీసూ నేను టైపు చేసిందే. శనివారం సాయంత్రం, మిల్లులో పత్తి ఏరే ఆడవాళ్లు, సోమవారం జాతరకు పోతున్నామని నాతో చెబితే, నవ్వి తల ఊపాను. బోర్డు మీద ఉంది కదా అనుకున్నానో, మేనేజరు మాట నేను చెప్పడమేమిటని జంకానో, ఈనాటికీ తేల్చుకోలేను.

మంగళవారం పొద్దున వాళ్లను గేటు దగ్గరే ఆపేశారు. జట్టులో పెద్దది, అందరూ అవ్వా అని పిలిచే ఆమె, నన్ను చూసి తిట్టలేదు.

"నీతోని చెప్పే పోతిమి గద కొడుకా. గా కాగితంల ఏమున్నదో మాకేమెరుక? గప్పుడు నువ్వన్న జర నోరిప్పకపోతివి," అంది.

ఉద్యోగం పోతే పోయిందనుకుని మేనేజరు గదిలోకి వెళ్లి, వాళ్లు నాకు చెప్పే వెళ్లారని ఒప్పుకున్నాను. బోర్డు మీద పెట్టాం కదా అన్నాడాయన. పెట్టాం సార్, కానీ దాన్ని చదవగలిగేది ఈ మిల్లులో మనిద్దరమే అన్నాను. ఆయన లేచి బోర్డు దగ్గరికి వెళ్లి, ఆ కాగితాన్ని తన చేత్తోనే చింపి, వాళ్లను లోపలికి రమ్మన్నాడు.

మర్నాటి నుంచి పని మొదలయ్యే ముందు ఆయన పక్కన నిలబడి, ఆయన చెప్పేదంతా తెలుగులో ఒకసారి, సరిహద్దు అవతలి నుంచి వచ్చిన కూలీల కోసం మరాఠీలో ఒకసారి నేను వినిపించేవాణ్ణి. అయ్యాక ఆయన, కొత్తగా నేర్చిన తెలుగులో, "అర్థమైందా, అవ్వా?" అని అడిగేవాడు.

"కాలే సారూ, మల్ల చెప్పుమను," అనేది ఆమె. అందరూ నవ్వేవాళ్లు, నేను మళ్లీ చెప్పేవాణ్ణి.

ఆ తర్వాత ఎన్నో దఫ్తర్లలో పనిచేశాను, ఎందరో పెద్దల మాటలు టైపు చేశాను. అర్థమైందా అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగిన మనిషి మాత్రం నాకు మళ్లీ తారసపడలేదు.