పరదా మీది సముద్రం

నిన్న సముద్రం ఒడ్డున ఒక రాజుల మహలు, దాని తోట చూశాను. ఏ రాజు వేసవి విడిదికి కట్టించాడో గైడు చెబుతుంటే, నాకు ఆదోని ఫోటో స్టూడియో గుర్తొచ్చింది. మన ఈడువాళ్ళందరం అక్కడి బొమ్మల పరదా ముందు నిలబడినవాళ్ళమే కదా! దాని నిండా ఇదే మహలు, ఇవే పూలమొక్కలు, ఇదే సముద్రం.

ఎమ్మిగనూరు నుంచి నన్ను తీసుకెళ్ళిన అవ్వ, ఒక చెయ్యి నా భుజం మీద వేసి, రెండో చేత్తో చీర కుచ్చిళ్ళు పైకెత్తింది.

"దించు అవ్వా, అవి బొమ్మ నీళ్ళు!"

"ఈడికే వస్తాండాయి గదమ్మీ, కొత్త చీర తడుస్తాది."

ఫోటో తీసేవాడు పగలబడి నవ్వాడు. బడిలోనూ నవ్వుతారని ఫోటోలో అవ్వను కత్తిరించి పారేశాను.

నిన్న అల రాగానే నేనూ చీర పైకెత్తాను. ఎవరూ నవ్వలేదు. నాకే సిగ్గుతో తలెత్తబుద్ధి కాలేదు.

ఆ ఫోటోలో ఇప్పుడు అవ్వవి నాలుగు వేళ్ళే మిగిలాయి, నా భుజం మీద.