అత్తగారికి వచ్చిన కలలు, రాని కల

నిన్న తెల్లవారుజామున నేను బస్సు నడిపాను. డెబ్బై దాటినదాన్ని, బతుకులో సైకిలు కూడా తొక్కి ఎరగను, అయినా కలలో బాగానే నడిపాను. నరసరావుపేట బజారు మలుపు తిప్పి, ఎదురొచ్చిన గొర్రెల మందను తప్పించి, కారంపూడి దారి పట్టేసరికి వెనక సీటులోంచి ఎవరో "పిల్లా, నిదానం" అన్నారు. ఎవరా అని తిరగబోయాను. పొద్దున ఇడ్లీ తింటూ ఇదంతా చెబుతుంటే మా మనవరాలు ప్లేటు పట్టుకుని దగ్గరికి జరిగింది. "ఎవరు నాయనమ్మా? తర్వాతేమైంది?" అంది. "అంతవరకే వచ్చింది" అన్నాను. దానికి కోపం వచ్చింది, నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే ఆ మాట నాది కాదు, మా అత్తగారిది. యాభై ఏళ్ళ కిందట ఆ ఇంట్లో రోజూ పొద్దున్నే వినేదాన్ని.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. నాకు పదిహేడేళ్ళు, కాపురానికి వచ్చి ఏడాది కాలేదు. నా భర్తకు నడికుడి స్టేషనులో ఉద్యోగం, వారానికోసారి వచ్చి వెళ్ళేవారు. మిగతా రోజుల్లో కారంపూడి ఇంట్లో ఉండేది అత్తగారు, మామగారు, నేను. మామగారు కారంపూడి నుంచి నరసరావుపేటకు బస్సు నడిపేవారు. పెట్రోలు దొరకని కాలం కాబట్టి బస్సు వెనక నిలువెత్తు ఇనప పీపా బిగించి, అందులో బొగ్గులు రాజేసి, ఆ గ్యాసుతో ఇంజను తిప్పేవారు. గాలి ఊదే బ్లోయరును చేత్తో తిప్పగా తిప్పగా గ్యాసు పట్టేసరికి ముప్పావు గంట అయ్యేది. రాత్రిళ్ళు బస్సు మా వాకిట్లోనే ఆగేది. పొద్దున్నే బ్లోయరు తిప్పడానికి పక్కింటి మెకానిక్కు సాయిబుగారు వచ్చేవారు. ఆయన అత్తగారిని అక్కా అనీ, మామగారిని బావా అనీ పిలిచేవారు. ఆ ముప్పావు గంటా అత్తగారు అరుగు మీద కూర్చుని, చేటలో కందులు చెరుగుతూ, తనకు వచ్చిన కల చెప్పేవారు. మా ఇంటికి పేపరూ అదే, రేడియో అదే. మామగారు బొగ్గుల మసి చేతులతోనే నిలబడి, "ఏమే, ఏమొచ్చింది?" అని టెలిగ్రాం కోసం అడిగినట్టు అడిగేవారు.

అత్తగారు పుట్టింది గురజాల, మెట్టింది కారంపూడి. మూడో ఊరు చూడలేదు. భర్త రోజూ నరసరావుపేట పోయి వస్తున్నా ఆ బస్సు ఒక్కనాడూ ఎక్కలేదు. తాను ఎక్కితే గేదెకు నీళ్ళెవరు పెడతారని ఆవిడ బెంగ. కానీ కలలో ఆవిడ తిరగని చోటు లేదు. ఒకరోజు బస్సు కృష్ణ మీదుగా అవతలి ఒడ్డుకు పోయిందట. "నీళ్ళ మీద పోతా ఉంటే టైర్లు తడవలా" అని చెప్పి, టైర్లు తడవలేదని సాయిబుగారు గట్టిగా తలూపేదాకా చేట కదపలేదు. ఇంకోరోజు సముద్రం చూశారు. "విచ్చిన పత్తి చేను గాలికి కదుల్తా ఉన్నట్టుంది. కాకపోతే అవతల గట్టు లేదు" అన్నారు. తర్వాత ఎన్నో ఏళ్ళకు నేను సూర్యలంకలో సముద్రం చూసినప్పుడు నాకు ముందు పత్తి చేనే గుర్తొచ్చింది. పని కలలు వచ్చిన రోజు మాత్రం నాకు చాకిరీ పెరిగేది. మిరపకాయల తొడిమలు తీస్తుంటే తీసిన కాయకు తీసినట్టే మళ్ళీ తొడిమ మొలిచిందని చెప్పి, "రాత్రంతా చేతులు పడిపోయినయ్, ఇయ్యాల వాకిలి నువ్వూడ్చు పిల్లా" అనేవారు. నేను నవ్వితే, నవ్వడానికేముందో ఆవిడకు అర్థమయ్యేది కాదు.

అన్నిటిలోకీ నాకు ఇష్టమైనవి ఆటల కలలు. పొద్దస్తమానం తల వంచుకుని పనిచేసే మనిషి, కలలో కొంగు నడుముకు బిగించి చెడుగుడు ఆడేవారు. అవతలి జట్టులో ఊళ్ళో మగవాళ్ళు, మామగారు, ఒకసారైతే మా ఎద్దు. "ఎద్దు ఎట్టా ఆడిద్దక్కా?" అని సాయిబుగారు బ్లోయరు ఆపి అడిగితే, "మీ బావ కంటే బాగా ఆడింది" అన్నారు. కూతకు వెళ్ళి ముగ్గుర్ని తాకి వెనక్కి వస్తుంటే నాలుగోవాడు కాలు పట్టుకున్నాడట. చెయ్యి చాచితే గీత ఇంకా జానెడు దూరంలో ఉంది. "అందిందా?" అని ముగ్గురం ఒక్కసారే అడిగాం. "అంతవరకే వచ్చింది" అని లేచి వెళ్ళి పొయ్యి అంటించారు. ఆ రోజంతా నాకు ఆ జానెడు దూరం మనసులోంచి పోలేదు.

కల విషయంలో అత్తగారు ఒక్క ముక్క కలిపేవారు కాదు, ఒక్క ముక్క దాచేవారు కాదు. అది వాళ్ళమ్మ పెట్టిన కట్టుబాటట. రాని కలను వచ్చిందని చెప్పిన నోటితో మళ్ళీ వచ్చిన కల చెప్పకూడదు. ఇక మామగారి సంగతి చెప్పాలంటే, ఆయన గుడికి వెళ్ళేది ఏడాదికి రెండుసార్లు. కానీ తెల్లవారుజాము కల జరిగి తీరుతుందన్న మాట మీద మాత్రం ఆయనకు కొండంత నమ్మకం. ఒకరోజు అత్తగారు, నాగులేరు దాటుతుండగా స్టీరింగు ఊడి ఆయన చేతిలోకి వచ్చిందని కల చెప్పారు. అప్పటికి ఏట్లో మోకాటి లోతు నీళ్ళు కూడా లేవు. అయినా మామగారు ఒడ్డున బస్సు ఆపి, ప్రయాణికులందర్నీ దించి, నడిచి దాటమని, తనొక్కరే బస్సును అవతలికి తోలారు. స్టీరింగు ఊడలేదు కానీ, ఆ ఆపడంలో గ్యాసు కాస్తా చల్లారి ఇంజను ఆగిపోయింది. పంచెలు తడిసిన జనం మళ్ళీ వంతులవారీగా బ్లోయరు తిప్పాల్సి వచ్చింది. "కల నీ పెళ్ళానికా, నడక మాకా?" అని ఒక పొగాకు వ్యాపారి కేకలు పెట్టాడట. మామగారు చెక్కుచెదరలేదు. దిగి నడిచారు కాబట్టే స్టీరింగు నిలిచిందన్నారు. ఆ తర్వాత నుంచీ జనం బస్సెక్కే ముందు, "ఇయ్యాల అక్కకు ఏమొచ్చింది?" అని కనుక్కుని మరీ ఎక్కేవారు.

అలాంటి ఇంటికి నా పేర ఒక ఉత్తరం వచ్చింది. మా నాన్న బడిపంతులు. నన్ను ఎనిమిదో తరగతి దాకా చదివించి, పెళ్ళికి ముందే గుంటూరులో ఆడవాళ్ళ టీచరు ట్రైనింగు స్కూలుకు దరఖాస్తు పెట్టించారు. అందరం మర్చిపోయాం. ఇప్పుడు సీటు వచ్చింది. రెండేళ్ళ చదువు, హాస్టలులో ఉండాలి, వచ్చే సోమవారానికల్లా చేరకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. పిల్లలకు పాఠం చెప్పాలని నాకు ఎంత ఉండేదో మాటల్లో చెప్పలేను. ఒంటరిగా ఉన్నప్పుడు గిన్నెల మీద బొగ్గుతో అక్షరాలు రాసి తోమేసేదాన్ని. నా భర్తను అడిగితే, "నాన్న సరేనంటే నాకేం" అని నడికుడి వెళ్ళిపోయారు. మామగారు ఉత్తరం చదివించుకుని, "ఇంటి కోడలు గుంటూర్లో హాస్టల్లో ఉండేదేంది? నలుగురూ నన్నేమంటారు?" అన్నారు. కోప్పడలేదు. కోప్పడితే బతిమాలే వీలన్నా ఉండేది. ఆయన తలుపు గడియ పెట్టినట్టు ఒక్క మాట అని స్నానానికి వెళ్ళిపోయారు.

ఆ శనివారం మధ్యాహ్నం నేను ఉత్తరాన్ని మడిచి చీరల మడతలో పెడుతుంటే అత్తగారు వచ్చి పక్కన కూర్చున్నారు. "ఇందులో నీ పేరు యాడుంది?" అని అడిగారు. చూపించాను. వేలు పెట్టి నా పేరు మొదటి అక్షరం నుంచి చివరి దాకా మెల్లగా తడిమారు. "నా పేరు ఎవురూ యాడా రాయలా" అన్నారు. బాధగా అనలేదు, ఊరికే అన్నారు. లేచి గేదెకు నీళ్ళు పెట్టడానికి వెళ్ళారు.

ఆదివారం పొద్దున పీపా రాజుకుంటోంది. సాయిబుగారు బ్లోయరు తిప్పుతున్నారు. "ఏమే, ఏమొచ్చింది?" అన్నారు మామగారు. అత్తగారు చేట పక్కన పెట్టారు. అది నేను ముందెప్పుడూ చూడలేదు. "తెల్లారగట్ట వచ్చింది. పిల్లను నువ్వే బస్సెక్కించుకుని గుంటూరు తీసకపోయినావ్. బడి గుమ్మం దాకా నువ్వే దించినావ్. తర్వాత ఇదే పిల్ల, ఆకుపచ్చ అంచు తెల్లచీర కట్టుకుని, చేతిలో సుద్దముక్క పట్టుకుని, నల్లబోర్డు ముందర నిలబడి ఉంది. ఎదురుగా పిల్లకాయలు వరసగా కూకున్నారు. ముందు వరసలో ఒక పిల్ల ఏడుస్తా ఉంది. ఈమె ఎత్తుకుని సముదాయించింది. పిల్ల ఊరుకుంది. అంతే." నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆవిడ కలలకు ఎప్పుడూ చివర ఉండేది కాదు. ఈ కలకు చివర ఉంది. ఆవిడ నా వైపు చూడలేదు, చేట అందుకుని మళ్ళీ చెరగడం మొదలుపెట్టారు. మామగారు మసి చేతుల వంక చూసుకుని, "గుమ్మం దాకా నేనే దించానా?" అని అడిగారు. "నువ్వే" అన్నారు అత్తగారు.

సోమవారం ఆయన నన్ను నరసరావుపేట దాకా బస్సులో తెచ్చి, తిరుగు ట్రిప్పు వెంట వచ్చిన సాయిబుగారికి అప్పగించి, ఖాకీ బట్టల్లోనే నాతో పాటు గుంటూరు రైలెక్కారు. రైలెక్కిస్తే నేనే పోగలనంటే వినలేదు. కలలో గుమ్మం దాకా అని స్పష్టంగా ఉందన్నారు. స్కూలు గుమ్మం దగ్గర నా పెట్టె దించి, ఇటూ అటూ చూసి, ఏమనాలో తెలియక, "బాగా చెప్పు" అని వెళ్ళిపోయారు. చెప్పడం కాదు, ఇంకా నేర్చుకోవాలని ఆయనకు తట్టలేదు.

రెండు నెలలకు మామగారు రాయించిన కార్డు వచ్చింది. నాలుగే ముక్కలు. "మీ అత్తకు కలలు రావడం లేదు. పొద్దున్నే ఏమీ తోచడం లేదు. గేదె ఈనింది. క్షేమం." చదివి పక్క మంచం అమ్మాయి పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను, కానీ కార్డును మళ్ళీ మళ్ళీ చదివాను. దసరా సెలవులకు వెళ్ళినప్పుడు అత్తగారు నాకు తల దువ్వుతుంటే, "నిజంగా రావడం లేదా అత్తయ్యా?" అని అడిగాను. "రాకేం, చానా వస్తన్నయ్. మొన్న ఓడెక్కి బర్మాలో రంగం పోయొచ్చా" అన్నారు. మరి చెప్పరేం అంటే దువ్వెన ఆగింది. "ఎందుకో నీకు తెల్వదా?" అన్నారు. నాకు తెలుసు. ఆవిడకున్న ఒక్క వేడుకను నా కోసం వదిలేసుకుని, నన్ను గుంటూరు పంపారు. అటు తిరిగి కూర్చున్నాను కాబట్టి నా కన్నీళ్ళు ఆవిడకు కనపడలేదు. మర్నాడు పొద్దున పీపా రాజేసేటప్పుడు వాకిట్లో బ్లోయరు చప్పుడు తప్ప ఏమీ లేదు. మామగారు అడగబోయి, అరుగు వంక చూసి, మళ్ళీ బొగ్గులు ఎగదోశారు.

రెండేళ్ళూ అలాగే గడిచాయి. పరీక్ష ప్యాసయ్యాను. అదృష్టం బాగుండి కారంపూడి బడిలోనే వేశారు. మొదటిరోజు పొద్దున అత్తగారు నా పెట్టె తెరిచి తానే చీర తీసి ఇచ్చారు. తెల్లది, ఆకుపచ్చ అంచు. తొలి పీరియడు సగంలో ఉండగా కిటికీ దగ్గర నీడ పడింది. చూస్తే అత్తగారు. చేతిలో అన్నం గిన్నె, మధ్యాహ్నానికి నా అన్నం నేను తెచ్చుకోనే తెచ్చుకున్నాను. కిటికీ కమ్మీలకు మొహం ఆనించి లోపల ఒక్కొక్కటే చూస్తూ వేళ్ళు మడుస్తున్నారు. చీర, సుద్దముక్క, బోర్డు, పిల్లకాయలు. నాలుగు వేళ్ళు మడిచి ఐదోది అలాగే నిలబెట్టి ఆగిపోయారు. ముందు వరసలో ఎవరూ ఏడవడం లేదు. పాడు పిల్లలు అందరూ సంతోషంగా ఉన్నారు! నేను గుణింతాలు చెబుతూ ఉన్నాను, ఆవిడ కదలరు. గంట కొట్టినా కదలరు. కొత్త పంతులమ్మను వదిలేసి పిల్లలు కిటికీ వంకే చూడటం మొదలుపెట్టారు. ముందు వరసలో ఒక బక్కపిల్ల, కళ్ళు కూడా ఆర్పకుండా తన్నే చూస్తున్న ఆ పెద్దావిడను చూసి చూసి, పెదవి వంచి, బావురుమంది.

నేను గబుక్కున ఎత్తుకున్నాను. పిల్ల నా భుజం మీద ముక్కు తుడుచుకుని ఊరుకుంది. కిటికీ వైపు చూశాను. అత్తగారు ఐదో వేలు మడిచారు. ఆ మొహంలో వెలుగు నేను మళ్ళీ నా పిల్లలు పుట్టినప్పుడే చూశాను. అన్నం గిన్నె కిటికీలో పెట్టి, చరచరా నడిచి వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున పీపా రాజుకుంటుండగా, ఎవరూ అడక్కుండానే, "ఏమయ్యో, తెల్లారగట్ట చెడుగుడులో నీ కాలు పట్టుకున్నా" అన్నారు. మామగారి చేతిలో బొగ్గుల తట్ట కింద పడింది. "గీత దాటానా?" అన్నారు ఆత్రంగా. "అంతవరకే వచ్చింది" అన్నారు అత్తగారు. సాయిబుగారు బ్లోయరు వదిలేసి నవ్వుతూనే ఉన్నారు. ఆ రోజు బస్సు గంట ఆలస్యంగా బయల్దేరింది. తర్వాత నేను ఆవిడను వంటింట్లో పట్టుకుని, మీ అమ్మగారి కట్టుబాటు ఏమైందని అడిగాను. "ఇప్పుడది అబద్ధం కాదుగా పిల్లా" అన్నారు.

లోకంలో నన్ను పిల్లా అని పిలిచింది ఆవిడొక్కరే. నిన్నటి కల నాకు వచ్చినంతే చెప్పాను, వెనక సీటులో ఉన్నదెవరో నేను తిరిగి చూడలేదు కాబట్టి మనవరాలికి పేరు చెప్పలేదు. ఆవిడ పోయిన వయసు నేను దాటి పదేళ్ళయింది, లెక్క ప్రకారం ఇప్పుడు నేనే పెద్దదాన్ని, అయినా తెల్లవారుజామున మాత్రం ఇంకా ఆవిడకు పిల్లనే.