ఏడు వంకర్ల కమ్మీ

నా చిన్నప్పుడు, కూర్మన్నపాలెంలో స్టీల్‌ప్లాంటు వాళ్ళకి క్వార్టర్లు కడుతున్న రోజుల్లో, మా తాతయ్య అక్కడ రాడ్‌బెండింగ్ మేస్త్రీ. గోదావరి నుంచి వచ్చినవాడు. కమ్మీ వంచితే తనే వంచాలని మహా గర్వం. చూపు సరిగ్గా ఆనేది కాదు గానీ, పనివాళ్ళ ముందు కళ్ళజోడు పెట్టుకోవడం ఆయనకి నామోషీ.

ఆయన దగ్గర కొత్తగా చేరినవాడు మా పక్కింటి అక్క మొగుడు. నేను బావా అని పిలిచేదాన్ని. అక్కకి అప్పుడు ఏడో నెల, బావ కూలే వాళ్ళకి ఆధారం. పాపం, అతని చెయ్యి ఇంకా కుదరలేదు. అప్పటికే రెండు కమ్మీలు పాడుచేసి చీవాట్లు తిన్నాడు.

ఒక మధ్యాహ్నం నేను క్యారేజీ పట్టుకెళ్ళేసరికి తాతయ్య చిందులు తొక్కుతున్నాడు. కమ్మీల గుట్ట పక్కన, తుప్పు రంగులో, నిలువెత్తు కమ్మీ ఒకటి నేల మీద పడి ఉంది. జానెడుకో వంకర. అంత దరిద్రంగా వంచడం మనిషికి చేతకాదన్న సంగతి ఆయనకి తట్టలేదు. పదిమందిలో బావని దులిపేశాడు.

"నాను ముట్టనేదు మేస్త్రీ, ఒట్టు," అని బావ బిగుసుకుపోయాడు.

"రేపట్నుంచీ పన్లోకి రాకు," అనేశాడు తాతయ్య. నాకు అక్క మొహం గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

అక్కడితో ఆగితే బాగుండేది. వంకర్లన్నీ వేలు పెట్టి చూపిస్తూ లెక్కపెట్టాడు. ఏడోదాన్ని కాలితో తన్నాడు. కమ్మీ సర్రున సాగి గుట్ట కిందికి దూరిపోయింది. తాతయ్య ఒక చెప్పు అక్కడే వదిలేసి, ఒక్క గెంతులో ఇసకకుప్ప మీద తేలాడు.

"జెర్రిపోతు మేస్త్రీ," అన్నాడు బావ మెల్లిగా. "బెదిరితే అలగే వొంకర్లు తిరిగి బిగిసిపోతాది. కర్రనుకోని మనం ఎల్లిపోతావని."

నవ్వితే తమ పనీ పోతుందని ఎవరూ నవ్వలేదు. నేను మాత్రం ఆపుకోలేకపోయాను. తాతయ్య నన్ను కసరలేదు. కుప్ప దిగి, అన్నాలకి వెళ్ళినవాళ్ళని కూడా కేకేసి పిలిచాడు. "తప్పు నాదిరా అబ్బాయిలూ. పాముని కమ్మీ అనుకుని ఇతన్ని తిట్టాను," అని, బావ భుజం మీద చెయ్యి వేసి, "రేపు పన్లోకి రా నాయనా," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన చెవులు ఎర్రబడటం నేను చూశాను.

బావతో చాటుగా చెబితే సరిపోయేది కదా అన్నాను తాతయ్యతో, ఇంటికొస్తూ. "నలుగురిలో తిట్టి, చాటుగా ఒప్పుకుంటే ఏం లాభమే?" అన్నాడు.

ఇప్పుడు నేనూ అత్తగారినయ్యాను. మొన్న చుట్టాలందరి ముందూ, కూర మాడ్చావని కోడల్ని అనేశాను. పొయ్యి కట్టెయ్యడం మర్చిపోయింది నేనేనని తరవాత తెలిసింది. చుట్టాలు అప్పటికే గుమ్మం దాటి చెప్పులు వేసుకుంటున్నారు. అందర్నీ మళ్ళీ లోపలికి పిలిచి కూర్చోబెట్టాను. కోడలి భుజం మీద చెయ్యి వేసి, "కూర మాడింది నా వల్లే," అన్నాను.