మా వియ్యంకుడు, మనుమరాలి ఆటల చానల్

మా మనుమరాలు వీడియో గేముల మీద ఒక చానల్ నడుపుతుంది. నల్గొండలోనే డిగ్రీ చదువుతోంది. మా ఇంటి వెనక గదిలో కూర్చొని ఏ ఆట ఎట్లా ఉందో మన మాటల్లోనే చెబుతుంది. పక్కన ఒక పెద్దమనిషి గొంతు ఉంటే బాగుంటుందని మొదట నన్నే కూర్చోబెట్టింది. నేను రెవెన్యూ ఆఫీసులో పనిచేసి రిటైరైనవాణ్ని. హైస్కూలు రోజుల నుంచి డైరీ తప్పలేదు. ఆడిన ప్రతి ఆట గురించీ నాలుగు మాటలు రాసిపెట్టుకుంటాను. అందుకే ఆ గదిలో రెండో కుర్చీ నాదేననుకున్నాను. మా వియ్యంకుడు వచ్చేదాకా అది నాదే.

నాకు ఆటలు అంటుకున్నది తెలంగాణ వచ్చిన కొత్తలో, ఉద్యోగం అయిపోయాక. మనుమరాలు అప్పుడు చిన్నపిల్ల. ఒకరోజు కంప్యూటర్‌లో ఏదో పాతకాలపు ఆట చూపించింది. తెర మీద గళ్లు, ఆ గళ్లతోనే ఒక మనిషి, ఒక చెట్టు, ఒక పిట్ట. మా బాపు, అంటే మా నాన్న, ఇక్కత్ చీరలకు గ్రాఫ్ కాగితం మీద గడి గడి నింపి డిజైన్ గీసేవాడు. చిలుక ముక్కుకు ఎన్ని గళ్లు చాలునో ఆయన లెక్క ఆయనకుండేది. ఈ ఆట చేసినవాడెవరో మా బాపు లాంటివాడేనని తోచింది. అప్పటి నుంచి వదల్లేదు.

ఆటల మీద నాకు అభిప్రాయాలున్నాయి. కాల్చుకునే ఆటలు పిల్లలను చెడగొడతాయని నా తోటి పింఛనుదారులు అంటారు. నేను అనను. నాకు నచ్చనిది చంపడం కాదు, చచ్చినవాడు రెండు క్షణాల్లో మాయమైపోవడం. మోసేవాళ్లు లేరు, స్నానం పోసేవాళ్లు లేరు. చావును చూపించదలిస్తే శవాన్ని కూడా చూపించాలి. ఇక సంగీతం. దుకాణంలోనో పొలంలోనో పని చేసే ఆటల్లో ఒకే రాగం తిరిగి తిరిగి వస్తుంటుంది. మంచి రాగమైతే అది ఉన్నట్టే తెలియదు, ఆగితేనే తెలుస్తుంది. మా ఇంట్లో మగ్గం చప్పుడు ఆగితే బాపు పని ఆపి లేచాడని తెలిసినట్టు. ఇవన్నీ చానల్‌లో చెప్పాను. విన్నవాళ్లలో ఒకరు కింద రాశారు, ‘పెద్దాయన క్లాసు చెప్పినట్టుంది’ అని. మెచ్చుకోలే అనుకొని రెండు రోజులు సంతోషంగా ఉన్నాను. అది మెచ్చుకోలు కాదని మా ఆవిడ చెప్పింది.

వియ్యంకుడిది కొత్తకోట. హైవే మీద టైర్ల దుకాణం నడిపి, ఇప్పుడు దాన్ని కిరాయికి ఇచ్చాడు. మా కోడలికి తండ్రి, అంటే పిల్లకు అమ్మ వైపు తాత. ఒకసారి ఏదో పెండ్లికని వచ్చి మా ఇంట్లో దిగితే, పిల్ల సరదాకు ఆయన చేతిలో కంట్రోలర్ పెట్టింది. కారు నడిపే ఆట. అది అందుకున్నంత సేపు కూడా పట్టలేదు, వంతెన మీది నుంచి కారును సముద్రంలో పడేశాడు.

“ఇంజను ఖతం! ఇగ ఈతనే బిడ్డా!” అని ఒకటే నవ్వు.

“తాతా, బ్రేకు ఎందుకు కొట్టలే?”

“బ్రేకు కొట్టేటోడైతే మీ అమ్మమ్మను ఎందుకు చేసుకుంట?”

అది అట్లాగే చానల్‌లో పెట్టింది. ‘కొత్తకోట తాతను మళ్లీ తీసుకురా’ అని కింద వరుసగా రాశారు. ఆయన మళ్లీ వచ్చాడు, మళ్లీ వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ నా కుర్చీలోనే కూర్చున్నాడు. మనుమరాలితో రోజూ ఒకే ఇంట్లో ఉండేవాణ్ని నేను. ఫీజు రసీదులు దాచేది నేను, జ్వరమొస్తే దవాఖానకు తీసుకుపోయేది నేను. ఆయన చుట్టపు చూపుగా వచ్చే తాత. చుట్టపు తాతకుండే వెలుగు ఇంటి తాతకు ఉండదు.

పోయిన ఏడు ఆయన భార్య హైదరాబాద్ ఆస్పత్రిలో చనిపోయింది. దినాలయ్యాక మా కోడలు తండ్రిని కొన్నాళ్లుండమని మా ఇంటికి తీసుకొచ్చింది. నేను మర్యాదకు లోటు చేయలేదు. ఆయన పరుపు నేనే దులిపాను. కానీ పిల్ల కాలేజీ నుంచి రాగానే ముందు ఆయన గదిలోకే పోయేది. చాయ్ రెండు కప్పులు పట్టుకొని పోయేది, మూడోది నాకు వంటింట్లో ఉండేది. చల్లారిన ఆ చాయ్ తాగుతూ ఒకరోజు నా మనసులోని మాట మా ఆవిడతో అన్నాను.

“ఆయన పెండ్లాం పోయిందని ఏడుస్తుంటే, నీకు కుర్సీ పోయిందని ఏడుపా?” అంది.

ఆమె అన్నది నిజమే. అయినా ఏడుపు తగ్గలేదు.

అప్పుడే పిల్ల ఒక కొత్త ఆట తెచ్చింది. ఒక చిన్న ఊరు, ఒక పిండిగిర్ని, దాన్ని నడిపే తల్లీ కూతురూ. సగం ఆటయ్యాక తల్లి ఆస్పత్రిలో పడుతుంది. ఊపిరి మిషన్ ఉంచాలా, తీసెయ్యాలా అనేది ఆడేవాళ్లే తేల్చుకోవాలి. పిల్ల నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగింది.

“తాతా, దీనికి నువ్వే కూసోవాలె. కొత్తకోట తాతతోని వద్దు, పాపం.”

పాపమన్న మాట నాకు వినిపించలేదు. నువ్వే అన్నది వినిపించింది. ముందుగానే ఒకసారి ఆడి చూసుకున్నాను, చెప్పాల్సినవి రాసుకున్నాను.

రికార్డింగ్ నాడు మధ్యాహ్నం వియ్యంకుడు వచ్చి మా వెనక మంచం మీద కూర్చున్నాడు. “నోరు తెరవ, బిడ్డా. ఒక్కన్నే గదిల పొద్దు పోతలేదు” అన్నాడు. పిల్ల నా వైపు చూసింది. పొమ్మని ఎట్లా అంటాం?

ఆట ఆస్పత్రికి చేరింది. తల్లి మంచం మీద ఉంది, వెనక వయొలిన్ మొదలైంది. నేను ఆట ఆపి, రాసుకున్నది చెప్పాను. ఇక్కడ ఈ సంగీతం పెట్టడం తప్పు. ఏడవమని ఎవరో చెబితే ఏడ్చేవాణ్ని కాను. ఆస్పత్రిలో సంగీతం ఉండదు. ఉత్త మిషన్ చప్పుడు పెట్టి ఉంటే సరిపోయేది.

“ఉంటది, బావా” అన్నాడు వెనక నుంచి వియ్యంకుడు.

పిల్లా నేనూ వెనక్కి తిరిగాం. ఆయన మమ్మల్ని చూడడం లేదు, తెరను చూస్తున్నాడు.

“ఆమె పానం పోతున్నప్పుడు పక్క మంచమోళ్ల ఫోను మోగింది. పెండ్లి బరాత్ పాట. ఎవ్వలు ఎత్తలే, మోగుతనే ఉంది. నా కాలు ఆ డప్పు దెబ్బకు కదిలింది, బావా. ఆమె చెయ్యి నా చేతులనే ఉంది, కాలు మాత్రం కదులుతనే ఉంది.”

పిల్ల లేచి ఆయన పక్కన కూర్చుంది. కుర్చీలో నేనొక్కణ్నే మిగిలాను. నాకు జాలి కలిగింది, అబద్ధం చెప్పను. కానీ జాలి కంటే ముందు వచ్చింది వేరే. ఇన్నేళ్లు ఆటల సంగీతం గురించి ఎన్నో పేజీలు నింపాను. అందులో ఇంత మాట ఒక్కటి లేదు.

ఆయన మాటలు మైకులో పడ్డాయి. మర్నాడు పిల్ల వాటిని ఉంచుతానంది. “గంత నిజం ఎవ్వలు చెప్తరు తాతా?” అని ఆయనను అడిగింది. ఆయన నా వైపు చెయ్యి చూపించాడు. “మీ తాతను అడుగు. పెద్దమనిషి. ఆయన ఎట్లంటే గట్ల.”

వద్దు అనే మాట నా నాలుక మీదే ఉంది. కారణాలు కూడా మంచివే. చావు ముచ్చట బజారున పెట్టడం ఏమిటి? కోడలు వింటే ఎంత బాధపడుతుంది? కానీ ఆ మాట అంత తొందరగా వచ్చిందంటే నాకే అనుమానం వేసింది. గడియారం సెంటర్ దాకా నడిచి, వెనక్కి వచ్చి, “ఉంచు బిడ్డా” అన్నాను. చాలా రోజుల తర్వాత నా మీద నాకు మంచి అభిప్రాయం కలిగింది.

కాసేపటికి వియ్యంకుడు నా భుజం పట్టుకొని వరండాలోకి తీసుకుపోయాడు.

“ఏం పని చేసినవ్ బావా? నువ్వు వద్దంటవనే గద నీ మీదికి తోసింది!”

“నేను వద్దంటానని ఎందుకనుకున్నవ్?”

“పిల్ల నాతోని నవ్వితే నీ మొఖం ఎట్లయితదో నాకు ఎరుక లేదా? అది పుట్టినకాడి నుంచి చూస్తున్న. ఇన్నేండ్ల కుళ్లు ఒక్కనాడన్న పనికొస్తదనుకున్న. నా ఖర్మకు గియ్యాల్నే మంచోనివైనవ్.”

“నువ్వే వద్దనొచ్చు గద?”

“అది అడిగితే నా నోటెంబడి వద్దన్న మాట రాదు. నీకైతే వస్తది.”

అది నిజం. పిల్లకు ఏది వద్దన్నా వద్దన్నది నేనే. ఆ పని కూడా ఈ ఇంట్లో నాదేనని ఆయనకు తెలిసినంతగా నాకు తెలియదు.

చివరికి ఆయనే పోయి చెప్పుకున్నాడు. “తీసెయ్యి బిడ్డా. కాలు కదిలింది మీ అమ్మమ్మకు గూడ తెల్వదు. ఊరికెందుకు?” పిల్ల అక్కడికక్కడే తీసేసింది. నేను వద్దని ఉంటే ఒక పూటంతా వాదించేది.

ఆ వీడియో నా ఒక్కడి మాటలతోనే బయటికొచ్చింది. నాకు ముందెప్పుడూ రానంత మెచ్చుకోలు వచ్చింది. ఎక్కువమంది ఎత్తి రాసింది ఒక్కటే వాక్యం, ‘ఆస్పత్రిలో సంగీతం ఉండదు’. వియ్యంకుడు కళ్లద్దాలు పెట్టుకొని ఆ రాతలు ఒక్కొక్కటిగా పైకి చదివాడు.

“సంబురమేనా, బావా?”

“సంబురమే” అన్నాను.

పిల్ల ఫక్కుమని నవ్వింది. నవ్వుతూ ఆయన వైపే చూసింది.