గొంతు మావాడిదే గానీ

వన్ టౌన్‌లో మా సందులో రెండిళ్ళలో దొంగలు పడ్డాక, నేను మా ఇంటిని కోట చేశాను. పెరటి తలుపును ఇటుకలతో మూయించాను. కిటికీలకు మణికట్టంత లావు ఊచలు. వీధి తలుపుకు లోపలి నుంచి తిప్పితే ఐదు గడియలు దిగే తాళం. దీని ముందు ఏనుగు కూడా తలవంచి వెనక్కి పోయిందని టీ కొట్టు దగ్గర చెప్పాను. ఏనుగు ఎక్కడిదని ఎవరూ అడగలేదు. మా సందు వాళ్ళకి నా మాటలంటే ఆ మాత్రం మర్యాద ఉంది.

కైకలూరు వైపు మా ఊరి నుంచి అమ్మ కంటి ఆపరేషన్‌కి వచ్చింది. పొద్దున్నే ఆస్పత్రిలో దింపి, క్యారేజీ తీసుకెళ్దామని ఇంటికొచ్చాను. అలవాటుగా లోపలి నుంచి తాళం వేశాను. తిరిగి తీయబోతే తాళంచెవి తాళంలోనే విరిగింది, నేను లోపలే చిక్కాను. అంతలో ఆపరేషన్ అయిపోయింది, తీసుకెళ్ళమని ఆస్పత్రి నుంచి ఫోను.

మా ఆవిడ గన్నవరంలో పెళ్ళికి వెళ్ళింది, ఫోను ఎత్తడం లేదు. తాళాలవాడు గుణదల తిరునాళ్ళ రద్దీలో ఇరుక్కుని, సాయంత్రానికి గానీ రాలేనన్నాడు. మా సందు ఆటో అతన్ని పంపాను. మీ అమ్మగారు బెంచీని పట్టుకుని కూర్చున్నారండీ, ఎక్కనంటున్నారండీ అని అక్కణ్ణుంచి చెప్పాడు.

అది నా చలవే. మీ అబ్బాయి పంపాడని ఎవడొచ్చినా కదలొద్దని, నా గొంతు వినపడ్డా నమ్మొద్దని, ఇప్పటి దొంగలు గొంతు కూడా దింపేస్తున్నారని అమ్మకి పాఠం చెప్పింది నేనే. ఒకడు నా గొంతుతో మా ఆవిడ చేత ఉప్మా చేయించుకు తిన్నాడని కూడా చేర్చాను.

అమ్మకి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.

"గొంతు మావాడిదే గానీ, మావాడు ఇంత సూటిగా మాట్లాడడు బాబూ," అని పెట్టేసింది.

మళ్ళీ చేశాను. ఇంటిపేరు, నాన్న పేరు, చిన్నప్పుడు నేను పడ్డ బావి, అన్నీ చెప్పాను. అవన్నీ ఆధార్‌లో ఉంటాయంది.

"బావి కూడానా?"

"ఉంటదేమో. అన్నీ రాసుకుంటున్నారుగా."

ఎండెక్కింది. ఇంట్లో గాలి ఆడడం లేదు. అక్కడ నల్లద్దాలు పెట్టుకుని, మనుషుల మొహాలు ఆనక, ఆవిడ ఒక్కతే. కంట్లో దుమ్ము పడకూడదన్నారు. నిజాన్ని ఇంకెలా చెప్పాలో తోచలేదు. ఆ విద్యలో నాకు అనుభవం తక్కువ.

చివరికి విసుగెత్తి, అసలు సంగతి తాళం కాదమ్మా అన్నాను. కృష్ణలోంచి మొసలి వచ్చి గడప మీద పడుకుంది, క్యారేజీలో పులుసు పెడితే గానీ లేవనంటోంది అన్నాను.

"ఏం పులుసు?"

"కొరమేను. చింతకాయ వేసి."

"నువ్వేరా వెధవా. ఆటో అబ్బాయికి ఇస్తానుండు ఫోను."

ఆవిడ వచ్చేసరికి కూడా నేను లోపలే ఉన్నాను. ఆటో అతను కిటికీ పక్కన అరుగు మీద కూర్చోబెట్టాడు. కంట్లో చుక్కల మందు వేసే వేళైంది. ఊచల మధ్య నుంచి మోచేతి దాకా చెయ్యి దూర్చాను. మొదటి చుక్క చెంప మీద పడింది.

"ఇదన్నా తిన్నగా వెయ్యరా," అంది.

భుజం ఊచలకి నొక్కుకుని, ఊపిరి బిగబట్టి, రెండో చుక్క వేశాను.