బతుకమ్మకు బ్రెడ్డు మలీద

హసన్‌పర్తి దాటినంక చెరువు గట్టు దిగి పోయే మట్టి బాట మీద రెండు గదుల ఇల్లొకటి ఉంది. అందులో యమున ఒంటరిగా ఉంటుంది. ఆ ఇల్లు మాత్రం ఒక్కరి కోసం కట్టింది కాదు.

యమునది హనుమకొండలో కిరాణా కొట్టున్న కుటుంబం. పెళ్లి చేసుకోలేదు. తమ్ముడితో పాటు కొట్లోనే ఉండేది. బేరాలు లేని మధ్యాహ్నాలు పప్పుల బస్తాల చాటున కూర్చుని నవలలు రాసేది. అవి వారపత్రికల్లో సీరియళ్లుగా వచ్చేవి. ఒకరోజు మైదా కొనడానికి వచ్చిన ఆవిడ, పొట్లం కట్టేలోపల బల్ల మీదున్న కాగితాలను తలకిందులుగానే చదివేసింది.

"ఈ సీరియల్ మీరు రాస్తున్నరా? నేను వారం వారం చదువుత. పోయిన వారం ఆ పిల్లను అంతగనం ఎందుకు ఏడిపిచ్చిన్రు?"

ఆమె పేరు తిరుమల. ఆడపిల్లల కాలేజీలో హోమ్ సైన్స్ చెప్పేది. పెళ్లయిన కొత్తలోనే భర్త పోయాడు. ఆమె వంటింట్లో చిన్న కరెంటు ఓవెన్ ఉండేది. ఆదివారం వస్తే యమున అక్కడికి పోయేది. తిరుమల బ్రెడ్డుకు పిండి పిసుకుతుంటే, యమున ఆ వారం రాసింది చదివి వినిపించేది. నచ్చని చోట తిరుమల చేతులు ఆగిపోయేవి. మాట అనేది కాదు. యమున ఇంటికొచ్చి ఆ పేజీ మళ్లీ రాసేది.

వారపత్రికలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. యమున నవలలు అడిగేవాళ్లు లేకపోయారు. కొట్టు కూడా తమ్ముడి కోడలి చేతికి పోయింది. అప్పుడు తిరుమలే అంది: "నా రిటైర్మెంట్ కానియ్యి. చెరువు దగ్గర చిన్న ఇల్లు కట్టుకుందాం. నువ్వు రాసుకో, నేను రొట్టెలు చేస్త. ఎవరి ఫికర్ మనకెందుకు?"

ఇద్దరూ కలిసి జాగా చూశారు, ఇల్లు కట్టించారు. సున్నాలు వేసేనాటికి తిరుమలకు కడుపునొప్పి మొదలైంది. దవాఖానలో సంగతి తేలేసరికి రోగం ముదిరిపోయింది. ఎండలు దిగకముందే మనిషి వెళ్లిపోయింది.

ఆ రోజు తిరుమల ఇంటినిండా చుట్టాలే. యమున గోడవారన నిలబడింది. ఒక పెద్దావిడ దగ్గరికొచ్చి అడిగింది: "నువ్వేమైతవ్ బిడ్డా?"

"దోస్తును."

ఆవిడ తలూపి, మేనత్త వస్తున్నది దారి ఇమ్మని యమునను పక్కకు జరిపింది. యమున జరిగింది. తర్వాత చినమ్మ కూతుళ్లు వస్తే ఇంకొంచెం జరిగింది. చివరికి గేటు బయట ఉంది. తిరుమలను తీసుకుపోయేటప్పుడు కనిపించింది పాదాలే.

కర్మలు అయిపోయాక తిరుమల తమ్ముడు ఓంప్రకాశ్ ఆటోలో ఓవెన్ వేసుకుని వచ్చాడు.

"అక్క చెప్పిందమ్మా, ఇది యమునకే ఇయ్యమని."

దాంతోపాటు తిరుమల వాడిన గిన్నెలు, అచ్చులు, సగం అయిపోయిన ఈస్ట్ డబ్బా ఉన్నాయి. చాయ్ పెడతానంటే దుకాణం ఉందని వెళ్లిపోయాడు.

తొలకరికి యమున ఆ ఇంట్లోకి మారింది. ఒక్కదానివి ఎట్లుంటవని ఆమె తమ్ముడు అన్నాడు గానీ తమతోనే ఉండిపొమ్మని పట్టుబట్టలేదు.

అక్కడ ఆమెకు సంతోషాలు లేకపోలేదు. పొద్దున్నే గట్టు మీద నడిచేది. తొలివానకు ఎర్రటి ఆరుద్ర పురుగులు గడ్డిలోంచి బయటికొస్తే, వాటి వెనకాలే కూర్చుని గంటసేపు చూసేది. నీటికోడి తన పిల్లల్ని తుంగలో దాచుకోవడం, నాట్లు వేసిన మళ్లలో కొంగలు కాలు తడవనట్టు నడవడం చూసేది. ఒక్కోసారి "చూడవే" అని పైకే అనేది. అన్నాక నోరు మూసుకుని ఇంటికి వచ్చేది. అందం చూసిన రోజే ఆ ఇల్లు ఇంకా పెద్దగా కనిపించేది.

రాత మాత్రం సాగలేదు. కాగితం ముందు కూర్చుంటే, ఇది ఎవరికి చదవాలి అన్న మాట అడ్డం పడేది.

శ్రావణంలో ఒకనాడు ముసురు పట్టి బయటికి పోలేక, ఓవెన్ మీది గుడ్డ తీసింది. తిరుమల చేతులు ఎట్లా కదిలేవో గుర్తు చేసుకుంటూ పిండి కలిపింది. పిండి పొంగలేదు. అట్లాగే కాలిస్తే గట్టిగా బిగుసుకుపోయింది. వారం తర్వాత మళ్లీ చేసింది. మళ్లీ అంతే.

పక్క చెలకలో పత్తి వేసిన చిలుకమ్మ కలుపు తీస్తూ, మంచినీళ్ల కోసం వచ్చి బల్ల మీది బ్రెడ్డు చూసింది.

"ఏంది యమునక్కా గిది? ఇటుక లెక్కున్నది! కొడితే తలకాయ పలుగుతది."

"బ్రెడ్డు. సరిగ రాలేదు."

"మరి మళ్ల మళ్ల ఎందుకు జేత్తానవ్?"

యమున నీళ్ల చెంబు అందించింది. తప్పెక్కడుందో ఆమెకు తెలుసు. డబ్బాలోని ఈస్ట్ ఎప్పుడో చచ్చిపోయింది. హనుమకొండకు పోతే కొత్తది దొరుకుతుంది. కానీ ఆ డబ్బా మూత తెరిచింది తిరుమల. ఆమె చెంచా పెట్టి తీసిన గుంట అందులో అట్లాగే ఉంది. పారేయడానికి చెయ్యి రాలేదు. అందుకే వారం వారం ఇటుకలు కాల్చుకుంటూ, నానబెట్టి కొంచెం తిని, మిగతావి ఎండబెట్టి ఒక రేకు డబ్బాలో వేసేది.

సద్దుల బతుకమ్మ రోజు చిలుకమ్మ పరుగున వచ్చింది.

"అక్కా, జర గోధుమపిండి ఉంటే ఇయ్యవా? మలీదకు రొట్టెలు జెయ్యాలె. పిండి గిర్నీకి పోతే కరెంటు లేదని బంద్ వెట్టిండు."

యమున ఇంట్లో ఉన్న పిండంతా పొద్దున్నే ఓవెన్లోకి పోయింది. "పిండి లేదు చిలుకమ్మా. ఇవే ఉన్నయ్" అని రేకు డబ్బా తెరిచి చూపించింది.

చిలుకమ్మ ఒక ముక్క తీసి విరిచింది. వాసన చూసింది. "గుడ్డు గిట్ల ఏశినవా?"

"లేదు. ఉప్పు, జర చక్కెర. అంతే."

"ఇంకేంది మరి? ఇదీ రొట్టేనాయె. దంచుదాం పా."

ఇద్దరూ చిలుకమ్మ వాకిట్లో రోలు ముందు కూర్చున్నారు. బ్రెడ్డు నలగడానికి మొరాయించింది. చిలుకమ్మ దాన్ని తిట్టుకుంటూ దంచింది. యమున బెల్లం తురిమింది, నెయ్యి కాచి పోసింది. ముద్దలు చేస్తుంటే వేళ్లకు వెచ్చగా తగిలింది.

సాయంత్రం చెరువు దగ్గర ఆడవాళ్లు గునుగు, తంగేడు పూల బతుకమ్మలను దించి చుట్టూ తిరిగారు. యమున వెనక నిలబడింది. చిలుకమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని వరుసలోకి లాగింది. రెండు చుట్లు తిరిగాక యమునకు అడుగు తప్పింది, చప్పట్లు తప్పాయి. మెల్లగా బయటికి వచ్చేసింది. బతుకమ్మలను నీళ్లలోకి సాగనంపాక మలీద పంచారు. బాగుందని అందరూ తిన్నారు. ఒక ముసలమ్మ ముద్ద నములుతూ చిలుకమ్మను అడిగింది: "ఈమె మీకేమైతది?"

"మా యమునక్క" అంది చిలుకమ్మ, ఇంకో మనిషికి ముద్ద అందిస్తూ.

యమున ముఖం తిప్పుకుని చెరువు వైపు చూసింది.

దసరా పోయాక యమున బస్సెక్కి హనుమకొండకు పోయి కొత్త ఈస్ట్ కొన్నది. పాతదాన్ని ప్రహరీ పక్కన గోరింట పాదులో కలిపి, ఖాళీ డబ్బా కడిగి ఆరబెట్టింది. అప్పుడు ఏడుపొచ్చింది. ఎవరూ లేరు కాబట్టి ఏడ్చింది.

ఆ ఆదివారం పిండి గిన్నె అంచుదాకా పొంగింది. బ్రెడ్డు మెత్తగా, పైన ఎర్రగా కాలింది. వేడివేడిగా కోసి చిలుకమ్మకు ఇచ్చింది. చిలుకమ్మ నమిలింది. ఆలోచించింది.

"మొన్నటి గట్టిదే మంచిగుండె అక్కా. గిదేంది, పత్తి తిన్నట్టున్నది!"

యమునకు నవ్వు ఆగలేదు. చిలుకమ్మ కూడా నవ్వి, పత్తి ఏరేవాళ్లు వచ్చారని చెలకలోకి వెళ్లిపోయింది. ఆ నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే, ఈ మాట తిరుమలకు చెప్పాలని యమున వంటింట్లోకి తిరిగింది. తలుపు తెరిచిన ఓవెన్ నుంచి వేడి వస్తోంది. అంతే.

కుర్చీ గడపలోకి లాక్కుని కాగితాలు ఒళ్లో పెట్టుకుంది. చెరువు మీద ఎండ తగ్గేసరికి పేజీన్నర అయింది. పైకి చదువుకోలేదు. లేచి లైటు వేసి, మిగిలిన బ్రెడ్డుకు ఇంత వెన్న రాసుకుని తింది.