కడిగిన పప్పే కడుగుతూ

నానిన మినప్పప్పు వాసన పచ్చిగా, కాస్త మట్టి వాసనలా ఉంటుంది. మాంగో అనే పేటలోని మా టిఫిన్ సెంటర్‌లో పొద్దున్నే ఆ గిన్నె మూత తీసినప్పుడల్లా, యాభై దాటినదాన్నన్న సంగతి మరిచిపోయి, అప్పటి మా బస్తీ భుయ్యాడీహ్‌లో అమ్మ కొట్టు ముందు గౌను వేసుకుని నిలబడిపోతాను. ఇవాళ మాత్రం పప్పు బేసిన్‌లో పోసుకుని కూర్చుండిపోయాను. సరిగ్గా మాకెదురుగా అద్దాల తలుపుల కొత్త హోటల్ ఈ రోజే తెరుస్తున్నారు, గుమ్మానికి బెలూన్లు కడుతున్నారు, నేనింకా షట్టరే ఎత్తలేదు. వ్యాపారం చేసేవాళ్లు మనసు ఉక్కులా చేసుకోవాలని చెప్పే వీడియోలు మా అమ్మాయి నాకు పంపిస్తూనే ఉంటుంది. చెప్పేవాళ్లలో ఒక్కడైనా ఎప్పుడైనా పిండి రుబ్బాడా అని నా అనుమానం.

శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీ ఊరికి వలస వచ్చిన మా నాన్న ఉక్కు కారఖానాలో ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, కింద పనిచేసేవాడు. ఆ పని పోయాక ఇల్లు మొత్తం అమ్మ కొట్టు మీదే నడిచింది. కొట్టంటే ఒక రేకుల గది. ముందున్న రేకు తలుపుని పైకెత్తి వెదురు కర్ర ఆనిస్తే తెరిచినట్టు, కర్ర తీసేస్తే మూసినట్టు. బొగ్గుల పొయ్యి రాజుకునే పొగ, ఇడ్లీ ఆవిరి, ఉల్లిపాయ చట్నీలో చింతపండు పులుపు, షిఫ్టుకి పోయేవాళ్ల సైకిల్ గంటలు, అన్నిటినీ మింగేస్తూ కారఖానా సైరను — నా చిన్నప్పటి పొద్దులన్నీ ఇలాగే తెల్లవారేవి. విశ్వకర్మ పూజనాడు కారఖానాలో యంత్రాలకి బంతిపూల దండలు వేస్తుంటే, అమ్మ మా రుబ్బురోలుకి పసుపు రాసి, బొట్లు పెట్టి, దండ వేసి, ఆ రోజంతా దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. మధ్యాహ్నాలు పిల్లలం సువర్ణరేఖ నది ఒడ్డున ఇసుక జల్లిస్తూ బంగారం వెతికేవాళ్లం. దొరికిన మెరుపు రాళ్లని తెచ్చిస్తే అమ్మ నవ్వకుండా తీసుకుని పోపులపెట్టె వెనక దాచేది.

అప్పట్లో పొట్టు మినప్పప్పే దొరికేది. నానిన పప్పుని రెండు చేతులా పిసికి, నల్లటి పొట్టు తేలగానే వంచేసి, మళ్లీ నీళ్లు పోసి, గింజ తెల్లబడేదాకా కడగాలి. గారెల పప్పు కడుగుతున్నంతసేపూ అమ్మ వీధివైపు చూస్తూ వచ్చేపోయేవాళ్లతో హాస్యాలాడుతుండేది. అంత ధైర్యస్థురాలు మా బస్తీలో లేదని నా నమ్మకం.

ఒక శీతాకాలం మా కొట్టుకి ఎదురుగా ఒక హోటల్ వెలిసింది. వాళ్లకి గ్యాసు పొయ్యి, కరెంటు గ్రైండరు, కుర్చీలు. తెరిచిన రోజున టిఫిన్‌తోపాటు వేడి జిలేబీ ఊరికే పెట్టారు. అమ్మ ఎప్పటిలాగే చీకటుండగానే లేచి పొయ్యి వెలిగించింది, రేకు ఎత్తింది. రోజూ మా బల్ల మీద కూర్చుని రెండోసారి చట్నీ అడిగేవాళ్లు, మా వైపు చూడకుండా తలలు దించుకుని రోడ్డు దాటిపోయారు. ఇడ్లీలు చల్లారిపోయాయి. నాన్న రెండుసార్లు వచ్చి చూసి, ఇక ఉండబట్టలేక, "రేకు దించీ, పరువు పోతంది," అన్నాడు. అమ్మ బేసిన్ ముందు కూర్చుని పప్పు కడుగుతూనే ఉంది. కొట్టు మూతబడితే మేం ఊరికి వెళ్లిపోవాల్సిందేనని, నా బడి, నా నది, అన్నీ ఇక్కడితో సరి అని నాకు అర్థమైపోయి ఏడుపొచ్చింది.

సాయం చేద్దామని దగ్గరికెళితే బేసిన్‌లో పొట్టు లేదు. పప్పు మల్లెమొగ్గల్లా తెల్లగా ఉంది, నీళ్లు తేటగా ఉన్నాయి. అయినా అమ్మ చేతులు ఆగడం లేదు. నేనూ చెయ్యి పెట్టాను. నీళ్లు గోరువెచ్చగానే ఉన్నాయి, అమ్మ వేళ్లు మాత్రం జ్వరమొచ్చినట్టు వణుకుతున్నాయి.

"ఏటమ్మా ఇది?" అన్నాను.

"ఎవులికీ సెప్పకే," అంది, మొహంలో నవ్వు చెదరకుండా. "ఇయ్యాల రేకు దించీసేవంటే రేపు మళ్లీ ఎత్తలేవే."

సాయంత్రం దాకా దించలేదు. రోజూ మిగిలిన పిండితో ఆ చలికాలమంతా మా ఇంట్లో పూటపూటా దిబ్బరొట్టే, ఇప్పటికీ దాన్ని చూస్తే నాకు మొహం మొత్తుతుంది. జిలేబీల మోజు తీరాక కొందరు తిరిగొచ్చారు, కొందరు రాలేదు. కొట్టు మునపటంత నడవలేదు గానీ మూతపడలేదు. మేం ఊరికి వెళ్లలేదు. అమ్మ భయం సంగతి నేనెవరికీ చెప్పలేదు.

ఇప్పుడు ఆ రేకుల గది లేదు, బొగ్గుల పొయ్యి లేదు, అమ్మ లేదు. పప్పుకి పొట్టు కూడా లేదు. మిల్లులో తీసేసిన తెల్లటి గుళ్లే సంచుల్లో వస్తున్నాయి, ఒక్కసారి కడిగితే చాలు. అయినా ఇందాకటి నుంచి నేను బేసిన్‌లో చేతులు ముంచుకునే కూర్చున్నాను. బయట ఎవరో బెలూన్ పగలగొడితే బేసిన్‌లో నీళ్లు ఒలికాయి.

మా అమ్మాయి వచ్చి బేసిన్‌లోకి వంగి చూసింది. "మమ్మీ, దాల్ తో సాఫ్ హై," అంది, పప్పు శుభ్రంగానే ఉంది కదా అని. నా మొహం చూసి, మెల్లగా, "డర్ లగ్ రహా హై క్యా?" అని అడిగింది.

నీళ్లలోంచి చేతులు తీసి దాని ముందు పెట్టాను. వణుకుతూనే ఉన్నాయి.

"అవునే, బయమేత్తంది," అన్నాను. "పద, అటేపు నువ్వు పట్టు. షట్టర్ ఎత్తీద్దాం."